లేడీ అనే మాట, పాత రాగుల సంగటి

మా చింతామణి బస్సుల్లో ముందు సీట్ల పైన రెండు భాషల్లో రాసి ఉంటుంది. కన్నడంలో మహిళలకు అని, ఇంగ్లీషులో లేడీస్ అని. ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేకుండా పోయినప్పటి నుంచి బస్సంతా మేమే. ఆ బోర్డుకు ఇప్పుడు పెద్దగా పని లేదు. అయినా కండక్టరు పాత అలవాటు మానుకోలేదు. "లేడీస్ అంతా ముందరికి జరగండమ్మా!" అని అరుస్తాడు. ఒకరి ఒడిలో కోడిపెట్ట, ఒకరి కాళ్ళ దగ్గర కొత్తిమీర మూట, ఒకరి చంకలో నిద్రపోతున్న బిడ్డ. లేడీస్ అంతా గొణుక్కుంటూ ముందుకు జరుగుతారు.

నేను కిటికీ పక్కన దొరికితే మాట్లాడకుండా కూర్చునే మనిషిని. మాట్లాడని వాళ్ళకు మాటలు ఎక్కువ వినిపిస్తాయి. లేడీస్ టైలర్, లేడీస్ హాస్టల్, లేడీ డాక్టర్. బెండకాయ కూడా ఇంగ్లీషులో లేడీ వేలే. ఇన్ని చోట్ల తిరిగే మాట అసలు ఎక్కడ పుట్టిందో పోయిన చలికాలం దాకా నేను వెతకలేదు. వెతికిన తర్వాత ఇరవై రోజులు నా కుడిచేయి నొప్పి పెట్టింది. అది ఎందుకో చెబుతాను.

మాది బట్లహళ్ళి పక్కన ఊరు. రెండెకరాల్లో టమాటా వేస్తాం. కాయ పండినప్పుడు మూడు నాలుగు రోజులకొక కోత. కోత రోజు పద్నాలుగు మంది ఆడకూలీలు టెంపోలో వస్తారు. వాళ్ళకు మధ్యాహ్నం మా ఇంట్లోనే సంగటి. నలభై ఏళ్ళుగా ఆ సంగటి మా అవ్వ చేతిది. అమ్మ అంగన్‌వాడీ టీచరు. పొద్దున్నే చారు కాచిపెట్టి పోతుంది, మూడు గంటలకు గానీ రాదు. పైగా పద్నాలుగు మందికి సంగటి కెలకడం తన వల్ల కాదని పెళ్ళయిన మొదటి నెలలోనే ఒప్పేసుకున్నదట. కాబట్టి ఆ పనిలో అవ్వకు ఎవరూ అడ్డం రాలేదు.

ఆ చలికాలం అవ్వ కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చేయి పైకి లేవదు. నేను డిగ్రీ అయిపోయి బీఎడ్ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. అవ్వను చింతామణికి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది నేనే. మూడు నెలలు బరువు పని ముట్టుకోవద్దు, ముఖ్యంగా కెలికే పని, అన్నాడు ఆయన. తిరిగి వస్తుంటే అవ్వ బస్సులో మందుల చీటీ మడతపెడుతూ కూర్చుంది. కండక్టరు "లేడీస్ ముందరికి" అని అరిచినప్పుడు మాత్రం లేచి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, ఎవరో తనను పనికి పిలిచినట్టు ముందుకు జరిగింది.

ఇంటికి రాగానే నేను నా పాత ఇంగ్లీషు నిఘంటువు తీశాను. దాన్ని చిక్కబళ్ళాపురంలో గుజరీ అంగడిలో, పాత పేపర్ల మధ్య, తూకానికి కొన్నాను. అట్టలు లేవు. మొదటి ముప్పై పేజీలు ఎలుకలకో వానకో పోయాయి. కానీ ప్రతి మాట చివరా అది ఎక్కడి నుంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను రోజుకొక మాట తీసి డైరీలో రాసుకుంటాను. డైరీ తెలుగులో రాస్తాను. బడిలో నేర్చుకున్నది కన్నడం. తెలుగు అక్షరాలు పెళ్ళిపత్రికల మీదా పాత వారపత్రికల మీదా కూడబలుక్కుని నేర్చుకున్నాను. మా ఇంట్లో తెలుగు అందరూ మాట్లాడతారు, చదివేవాళ్ళు లేరు. డైరీ రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు.

ఆ సాయంత్రం రాసుకున్నది ఇది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో హ్లాఫ్ అంటే రొట్టె. దిగె అంటే పిసికే మనిషి. రెండూ కలిసి హ్లాఫ్‌దిగె, రొట్టెకు పిండి పిసికే ఆమె. జనం నోళ్ళలో నలిగి అది లేవ్‌డీ అయింది, ఇంకా నలిగి లేడీ అయింది. ఆ ఇంట్లోనే ఇంకో మనిషి హ్లాఫ్‌వేర్డ్, రొట్టెకు కాపలా ఉండేవాడు. ఆయన నలిగి లార్డ్ అయ్యాడు. ఆ రొట్టె తిని పనిచేసేవాళ్ళకు కూడా ఒక పేరుండేది, రొట్టె తినేవాళ్ళు అని. ఆ పేరు మాత్రం నలగకుండానే మాసిపోయింది. పిసికే ఆమె పెద్దింటి యజమానురాలైంది, తర్వాత దొరసాని అయింది, తర్వాత మర్యాదకు ఏ ఆడమనిషినైనా పిలిచే పిలుపు అయింది. చివరికి బస్సు సీటు మీదికి, బస్టాండులో మరుగుదొడ్డి తలుపు మీదికి వచ్చింది. ఇంత దూరం నడిచేసరికి చేతికి అంటిన పిండి రాలిపోయింది.

రాసి కిందికి వచ్చేసరికి పడసాలలో నాయన మాట్లాడుతున్నాడు.

"ఇంగ నీ చేత కాదమ్మా. డాక్టరే వద్దన్నాడు కదా. ఊర్లో అందురూ హోటల్ నుంచి చిత్రాన్నం పొట్లాలు తెప్పిస్తాండారు. మనమొకరే ఇంగా పొయ్యి ముందర కూర్చుంటే ఎట్ల?"

అవ్వ ఎడమచేత్తో అనపకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"పొట్లమంటే అందురికీ ఒగటే పొట్లం కదప్పా" అన్నది.

"ఒగటే అయితే ఏమి? తగువుండదు."

అవ్వ ఒలిచిన గింజలను వేళ్ళతో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తోస్తూ కూర్చుంది. నాకు అర్థమైంది. అవ్వకు ఈ ఇంట్లో కుర్చీ లేదు, పెట్టె తాళం లేదు, బ్యాంకు పుస్తకం లేదు. సంగటి కట్టె ఉంది. అది మూలకు చేరితే అవ్వ కూడా దాని పక్కకే చేరుతుంది.

"నేను కెలుకుతా" అన్నాను.

నాయన నా వైపు తిరిగి, గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అన్నట్టు చూశాడు. ఇంట్లో నా మాట అంత తక్కువ.

"నువ్వా? కట్టె నీ కంటే బరువుండాది మే."

"ఉండనీ."

"సరే, చూస్తాం" అని నవ్వి లేచిపోయాడు.

సంగటి తెలియనివాళ్ళకు ఒక మాట. ఎసరు మరిగేటప్పుడు రాగిపిండిని మధ్యలో గుట్టలాగా పోస్తారు. వెంటనే కెలకకూడదు. కట్టెతో మధ్యలో గుంట చేసి, నీళ్ళు ఆ గుంటలోంచి పొంగి పిండిని తడిపేదాకా ఓపిక పట్టాలి. తర్వాత తపేలాను నేల మీదికి దించి, పంగలకర్రతో కదలకుండా పట్టి, ఆ కర్రను కాలితో తొక్కిపెట్టి, రెండు చేతులా కట్టె పట్టుకుని అంచులకు రాసి రాసి కెలకాలి. పద్నాలుగు మందికైతే నడుము, భుజం, మడమ మూడూ పనిచేయాలి. ఉండ కట్టకూడదు, పచ్చి మిగలకూడదు. సంగటిని నమలరు, మింగుతారు. గొంతు దాటేటప్పుడు దాని గురించి తెలియకూడదు.

ఇవన్నీ నేను అవ్వను అడిగి తెలుసుకోలేదు. ఏళ్ళుగా గడప మీద కూర్చుని చూసినది డైరీలో రాసుకున్నాను. ఇన్ని చెంబుల నీళ్ళు, ఇన్ని చేటల పిండి, ఇంతసేపు మంట. కోత రోజు డైరీని పొయ్యి పక్కన తెరిచి పెట్టుకుని మొదలుపెట్టాను. అవ్వ గడప మీద, నేను కూర్చునే చోట కూర్చుని చూస్తోంది. వంటింట్లో రెండు డబ్బాల పిండి ఉంది. ఒకటి ఆ నెలలో కోసిన కొత్త రాగులది, మంచి వాసన. ఇంకొకటి పాతది, అడుగున కొంచెం. పనిచేసేవాళ్ళకు మంచిదే పెట్టాలని కొత్త డబ్బా వంచాను. అవ్వ పెదవులు కదిలాయి, మాట రాలేదు.

కెలికేటప్పుడే తెలిసింది ఏదో తేడా ఉందని. కట్టె బురదలో దిగినట్టు దిగుతోంది, బయటికి రానంటోంది. బలమంతా పెట్టాను. పంగలకర్ర చటుక్కున చప్పుడు చేసి మొదట్లో బీటలిచ్చింది. అయినా ఆపలేదు. ఒక్క ఉండ లేకుండా కెలికాను. చేతులు తడిచేసుకుని పద్నాలుగు ముద్దలు చేశాను. డైరీలో గీసుకున్న బొమ్మలాగా అన్నీ ఒకే కొలత.

కూలీలు వరసగా కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడ బాగేపల్లి వైపు నుంచి మా పక్కూరికి కోడలుగా వచ్చినామె, నోరు పెద్దది. పితికిపప్పు చారులో ముద్ద ముంచి మొదటి కడి నోట్లో వేసుకుంది. కళ్ళు ఒకసారి పెద్దవయ్యాయి.

"ఏం పాపా, సంగటి చేసినావా, బంక కాసినావా?"

పక్కామె గొంతు పట్టుకుని మింగుతూ అన్నది: "మింగినానక్కా. మధ్యలో నిలబడి అడ్రస్ అడగతాండాది."

"మా బాగేపల్లి పక్క దీంతోనే గోడకి క్యాలెండర్ అంటిస్తారు."

"నవ్వొద్దండే. పాప కండ్లల్లో నీళ్ళు."

"పొగ" అన్నాను.

"పొయ్యి ఆరిపోయి శానాసేపాయ కదమ్మా!" అని పెద్దావిడ నవ్వింది. కానీ తిట్టలేదు. చారు ఎక్కువ పోసుకుని, పళ్ళకు అంటుకున్న సంగటిని నాలుకతో తీసుకుంటూ సగం తిన్నారు. మిగిలింది కుక్కలు కూడా అనుమానంగానే చూశాయి.

నాయన వచ్చి తపేలాలోకి తొంగి చూశాడు. "వచ్చే కోతకి పొట్లాలు" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

పొట్లాల రోజు నేను పని లేకుండా ఆ వరస చివర నిలబడ్డాను. పద్నాలుగు పొట్లాలు, ఒకే పేపరు, ఒకే దారం, లోపల పసుపన్నం, నాలుగు పల్లీలు. పెద్దావిడ సగం తిని మూటకట్టి పక్కన పెట్టింది, చన్నీళ్ళు తాగింది. అందరిలో చిన్నదైన ఒక పిల్లతల్లి ఉంది, ఆరు నెలల బిడ్డను అత్త దగ్గర వదిలి వస్తుంది. ఆమె తన పొట్లం రెండు నిమిషాల్లో తినేసింది. పేపరుకు అంటుకున్న మెతుకులు కూడా వేలితో తీసింది. తర్వాత పేపరు నాలుగు మడతలు పెట్టి, పక్కవాళ్ళ పొట్లాల వైపు చూడకుండా ఉండటానికి మట్టి వైపు చూసింది. నేను చూశాను. ఇవ్వడానికి నా చేతిలో ఏమీ లేదు. మూడు గంటలకే చేతులు నెమ్మదించాయి. రెండు వరసల కాయ చెట్టు మీదే మిగిలింది. నాయన ఆ వరసల వైపు చూశాడు.

అవ్వ ఆ రోజు గదిలోంచి బయటికి రాలేదు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. "ఆకలి కాలేదు" అన్నది. నలభై ఏళ్ళుగా కూలీలందరూ తిన్న తర్వాత, తపేలా అడుగున అంటుకున్నది గీక్కుని తినే మనిషి. వాళ్ళు అవ్వ ముద్ద తినలేదు కాబట్టి అవ్వ వంతు రాలేదు. అంతే.

నేను ప్లేటులో అన్నం పెట్టుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక, తెలిసినదే మాట్లాడాను.

"అవ్వా, లేడీస్ అంటారు కదా బస్సులో. లేడీ అంటే ఏమో తెలుసా?"

"ఏముండాది. సీర కట్టుకున్నోళ్ళు."

"కాదు. శానా ఏండ్ల కిందట ఇంగ్లీషోళ్ళ దేశంలో రొట్టెకి పిండి పిసికే ఆయమ్మని అట్ల పిలిచినారంట. లార్డ్ అంటే ఆ రొట్టెకి కాపలా ఉండేటాయన."

అవ్వ నా వైపు తిరిగింది. ఆ రోజు మొదటిసారి.

"ఎవురు చెప్పినారు?"

"నా బుక్కులో ఉండాది."

"ఆ తూకానికి తెచ్చినావే, ఆ బుక్కా?" అవ్వ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "కాపలాకి ఒగాయన. పిసికేదానికి ఒగాయమ్మ. తినేటోళ్ళు?"

"వాళ్ళకీ పేరుండాది. రొట్టె తినేటోళ్ళు అని."

"మరి పెట్టేటోళ్ళు?"

  నిఘంటువులో ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. పెట్టేవాళ్ళ గురించి ఒక్క అక్షరం లేదు.

"రాయలేదవ్వా."

"రాయరు" అన్నది అవ్వ, అది తనకు ముందే తెలిసినట్టు. "పిసికేది రెట్టల్లో బలముంటే ఎవురైనా పిసుకుతారు. మీ నాయన కాపలా ఉండాడు, తపేలాలో ఎంతుండాదో చూస్తాడు. ఎవురి కడుపులో ఎంతుండాదో ఎవురు చూసేది? నువ్వు ఆ పొద్దు పద్నాలుగు ముద్దలు అచ్చుకొట్టినట్ల చేసినావు. ఎవురి మొగమైనా చూసినావా?"

చూడలేదు. నేను ఎవరి ముఖమూ చూడను. అది నా అలవాటు. వడ్డించేటప్పుడు కూడా ప్లేట్ల వైపే చూశాను.

"మొగం చూసి ముద్ద చెయ్యల్ల. పాలిచ్చే బిడ్డకి పెద్దది. జ్వరమొచ్చి లేసినదానికి చిన్నది, చారు ఎక్కువ. ఇంట్లో కొట్లాడుకొని పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చింటాది ఒగతి, దానికి అడక్కుండానే రెండోది. అడిగితే దానికి సిగ్గు."

"సరే, మొగం చూడలేదులే. సంగటి బంక ఎందుకయ్యింది? నువ్వు చేసినట్లే చేసినా. ఒగ చెంబు తేడా లేదు."

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచి వచ్చింది.

"కొత్త రాగులు పోస్తివి కదే."

"కొత్తవి మంచివని."

"మంచివే. తియ్యగా ఉంటాయి. అయితే జిగురు. ఒగ ఏడాది అటక మీద ఉంటే ఆ జిగురు సస్తాది. పాతది కడుపులో నిలుస్తాది, సాయంత్రం దాకా మోస్తాది. వంగి పనిచేసేటోళ్ళకి పాతది. కూర్చునేటోళ్ళకి కొత్తది. మన ఇంట్లో ఎప్పుడూ అంతే."

ఇరవై రెండేళ్ళుగా నేను ఈ ఇంట్లో సంగటి తింటున్నాను. మేము తినేది, వాళ్ళు తినేది ఒక రాగి కాదని నాకు తెలియదు. ఎక్కడైనా మంచిది మనకు, పాతది వాళ్ళకు అంటే తప్పు అనుకునేదాన్ని. ఇక్కడ పాతదే మంచిది, అది వాళ్ళకే.

"ఆ పొద్దు నేను డబ్బా వంచేటప్పుడు చూస్తాండావు కదా. ఎందుకు చెప్పలేదు?"

అవ్వ పక్కనున్న చేటలోంచి నానిన అనపగింజ ఒకటి తీసి పితికింది. పప్పు ఎగిరి నా ఒళ్ళో పడింది.

"నువ్వు నన్ను యాడ అడిగినావు? డైరీని అడగతాంటివి."

 నాయన దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్ళాను. పశువులకు మేత వేస్తున్నాడు. వెనక నిలబడి, వెళ్ళిపోవాలనిపించినా వెళ్ళకుండా, చెప్పాను.

"నాయనా, వచ్చే కోతకి పొట్లాలు వద్దు. సంగటి నేనే చేస్తా. తప్పు యాడ జరిగిందో తెలిసింది."

"మళ్ళా బంకైతే?"

"కాదు."

"అయితే?"

"అయితే ఈ కాయ అయిపోయేదాకా పొట్లాలే తెప్పించు. నేను ఒగ మాట అనను."

"నువ్వు ఎప్పుడు అన్నావులే మాట" అని నవ్వాడు. "ఇదే ఆఖరు. అవ్వకి కూడా చెప్పు. ఇది కూడా పోతే ఇంగ పొయ్యి మాట ఎత్తొద్దు."

అవ్వకు చెప్పాను. అవ్వ తల ఊపింది, అంతే. కానీ మరుసటి రోజు పొద్దున నా కంటే ముందు వంటింట్లో ఉంది. నేను నిచ్చెన వేసి అటక మీద నుంచి పోయినేటి రాగుల గోనెసంచి దించాను. మిల్లుకు మోసుకుపోయి ఆడించుకొచ్చాను. రెండు రోజులు మా నలుగురికీ అదే సంగటి, రెండు పూటలా. అవ్వ గడప మీద కాదు, పొయ్యి పక్కన పీట మీద కూర్చుంది. డైరీ పై గదిలో ఉండిపోయింది.

"ఆగు. ఇంగా ఆగు. నీళ్ళు చెప్తాయి. గుంటలోంచి వచ్చే బుడగ పెద్దదైనాక దించు."

"ఎంత పెద్ద?"

"కండ్లుండాయి కదా."

"కట్టె చేత్తో కాదు మే, నడుముతో తిప్పు. చెయ్యి ఊరకే దాన్ని పట్టుకోనుండల్ల."

నొప్పి మూడో పూటకు పట్టుకుంది. భుజం నుంచి చిటికెనవేలు దాకా. అవ్వ నలభై ఏళ్ళ నొప్పి ఎంతో మూడు పూటల్లో లెక్క తెలిసింది. ఆపమని అవ్వ అనలేదు, నేనూ ఆపలేదు. అమ్మ బడి నుంచి వచ్చి చూసి, "నాకు మొదటి నెలలో రాని బుద్ధి నీకు వచ్చిందే" అని వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టింది.

కోత రోజు పొద్దున మంచు ఉంది. పదకొండున్నరకు పొయ్యి ముట్టించాను. పంగలకర్ర బీటకు నాయన పాత సైకిల్ ట్యూబు ముక్కతో అవ్వే నాతో కట్టు కట్టించింది. పిండి పోసి, గుంట చేసి, ఆగాను. చెంబులు లెక్కపెట్టలేదు. బుడగ చూశాను. పెద్దదై, ఒకసారి నిట్టూర్చినట్టు పగిలినప్పుడు దించాను. ఈసారి కట్టె బురదలో దిగలేదు. మొదట బరువుగా, తర్వాత మెత్తగా, చివరికి సంగటంతా ఒకే మనిషిలాగా కట్టెతో పాటు తిరిగింది. తపేలా అంచు శుభ్రంగా బయటపడింది. అవ్వ తడి వేలితో ముట్టుకుని చూసింది. వేలికి ఏమీ అంటలేదు.

"ఊఁ" అన్నది. అంతకు మించి పొగడ్త మా అవ్వ దగ్గర లేదు.

కూలీలు కూర్చున్నారు. అవ్వ ఎడమచేత్తో చారు గరిటె పట్టుకుంది. "ముద్ద నువ్వే పెట్టు" అన్నది. తడి చేతుల్తో తపేలా ముందు కూర్చుని, నేను తల ఎత్తాను.

అది నాకు సంగటి కెలకడం కంటే కష్టం. పద్నాలుగు ముఖాలు, ఒక్కొక్కటే, తొందర లేకుండా చూడటం. మొదటిది పెద్దావిడ, ఎప్పుడూ మొదటి ముద్ద ఆమెదే. కళ్ళ కింద ఉబ్బు, దగ్గు. ఒక మాదిరి ముద్ద చేసి, "చారు వేడిది పొయ్యవ్వా" అన్నాను. తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్ళు, నవ్వుకుంటున్నారు, ఇద్దరికీ మామూలుది. తర్వాత పిల్లతల్లి. ప్లేటు ముందుకు చాచి కళ్ళు దించుకుంది. నేను రెండు చేతులూ నిండేటంత తీసి గుండ్రంగా చేసి పెట్టాను. ఆమె తల ఎత్తి నన్ను చూసింది.

"అవ్వ చెప్పిందా?" అని మెల్లగా అడిగింది.

"లేదు" అన్నాను. "నేనే."

పెద్దావిడ మొదటి కడి ముంచి మింగింది. అందరూ ఆమె గొంతు వైపే చూస్తున్నారు. నేను కూడా. ఆమె కావాలనే కళ్ళు మూసుకుని, తలను అటూ ఇటూ తిప్పి, కాసేపు అట్లాగే ఉండిపోయింది.

"ఏమక్కా, మళ్ళా నిలబడిందా?" అని పక్కామె అడిగింది.

"లేదు మే. ఈసారి అడ్రస్ అడగలేదు. ఇల్లు తెలిసినట్ల తిన్నగా పోయింది."

నవ్వులు వరస చివరిదాకా పోయాయి. నాకు కూడా నవ్వు వచ్చింది, దాచుకోలేదు. వరస చివర ఉన్న ఒకామె ఆ పొద్దున నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని గమనించాను. ఆమె ముద్ద అయిపోవచ్చేసరికి, ఏమీ అడగకుండా ఇంకో చిన్న ముద్ద ప్లేటులో పెట్టి వెంటనే వెనక్కి తిరిగాను, వద్దనడానికి సందు లేకుండా. వెనక నుంచి చారు గరిటె చప్పుడు వినిపించింది. అవ్వ పోస్తోంది.

చీకటి పడకముందే ఆఖరి వరస కూడా కోసేశారు.

నాయన మధ్యాహ్నమే వచ్చి నిలబడ్డాడు, అందరూ తిన్న తర్వాత. ప్లేటు ఆయనే తెచ్చుకున్నాడు.

"నాకుండాదా?"

"కూర్చో నాయనా. పనిచేసినోళ్ళకి అయింది. ఇంగ కాపలా ఉండేటోళ్ళకి."

ఆయనకు అర్థం కాలేదు. అవ్వకు అయింది. కొంగు నోటికి అడ్డం పోయింది. నాయన తింటున్నంతసేపూ తపేలా వైపు, కట్టు కట్టిన పంగలకర్ర వైపు చూస్తూ ఉన్నాడు. చేయి కడుక్కుంటూ అవ్వతో అన్నాడు:

"అమ్మా, ఆ కర్ర ఇంగ నిలవదు. గట్టు మీద వేపకొమ్మ ఒగటి పంగ బాగుండాది. రేపు కొట్టుకొస్తా."

పొట్లాల మాట ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

అవ్వ, నేను తపేలా మధ్యలో పెట్టుకుని అడుగున అంటిన పొర గీక్కుని తిన్నాం. ఇన్నేళ్ళూ అవ్వకు తప్ప ఎవరికీ దక్కని ఆ వంతు ఇంత బాగుంటుందని నాకు తెలియదు. కొంచెం మాడి, కొంచెం పొగ వాసనతో, కరకరలాడుతుంది. అవ్వ నాకు పెద్ద ముక్క తోసింది. నా ముఖం చూసే తోసింది.

తిన్న తర్వాత చేయి కడుక్కుని అవ్వ అన్నది: "ఆ కొత్త రాగుల్లో రెండు మూటలు కట్టి అటకెక్కించు. వచ్చే ఏడు కూలోళ్ళకి."

నేను మూటలు కట్టాను. కుడిచేయి పైకి లేవడం లేదు. ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కి, మూటలను పాత సంచి ఖాళీ చేసిన చోట పెట్టాను. గోడకు ఆనితే చెమ్మ పడుతుందని, లోపలికి జరపమని కింద నుంచి అవ్వ చెబుతోంది. జరిపాను.